సెంట్రింగు కింద ఒట్టు

సైటులో నాకు రెండు పేర్లు. ఎదురుగా ఉంటే "ఇంజనీరమ్మ గారూ" అంటారు, నేను అటు తిరగ్గానే "వద్దులమ్మ" అంటారు. హెల్మెట్ లేకుండా పైకెక్కొద్దు, తాడు కట్టుకోకుండా అంచుకు పోవద్దు, సిగరెట్టు నోట్లో పెట్టుకుని డీజిలు డ్రమ్ముల దగ్గరికి రావద్దు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోట వచ్చేది ఆ ఒక్క మాటే. ఇన్‌సాఫ్ అని మా నాన్న ముచ్చటపడి పెట్టిన పేరు కైరోకు ఉత్తరాన మా దమన్‌హూర్ చుట్టుపక్కల ఏ సైటులోనూ ఎవరికీ గుర్తులేదు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు వద్దులమ్మా అని పిలిచినా పలుకుతున్నాను.

హాజీ హిందావీ కట్టిస్తున్న ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజీకి స్లాబు పోసేటప్పుడు దూడ విషయంలో కూడా నేను వద్దనే అన్నాను. దూడను కోయొద్దని కాదు. స్లాబు పోసే రోజున నెత్తురు చిందకపోతే మా దగ్గర ఒక్క కూలీ కూడా నిచ్చెన ఎక్కడు. ఆ నెత్తురులో అరచేతులు ముంచి స్తంభాల మీద అచ్చులు వేస్తేగాని వాళ్ళకు ధైర్యం రాదు. మా ఇల్లు కట్టినప్పుడు నేనూ వేశాను. నేను వద్దన్నది లోపల కోయడాన్ని. గేటు బయట కోసుకోండి, తర్వాత లోపలికొచ్చి అచ్చులు వేసుకోండి అని ముందురోజే హాజీకి చెప్పాను, సెంట్రింగు మేస్త్రీ బయూమీ బాబాయికీ చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

లోపలి నేలతోనే నా భయమంతా. బస్తాలు కప్పుదాకా పేర్చే కట్టడం కాబట్టి అది మామూలు ఇంటికి రెండింతల ఎత్తు. పునాదులకు తవ్విన గోతుల్ని మట్టితో పూడ్చి దిమ్మిస కొట్టారు. ఆ పూడ్చిన మట్టి మీద పలకలు పరిచి, వాటి మీద ఊత కర్రలు నిలబెట్టి, పైన చెక్క పరిచారు. పొడిగా ఉన్నంతసేపూ ఆ నేల రాయిలాగే ఉంటుంది. నీళ్ళు తగిలాయంటే టీలో ముంచిన రొట్టె అయిపోతుంది.

బయూమీ బాబాయికి అరవై దాటాయి. ఆయన కట్టిన సెంట్రింగు వంగిందని ఈ జిల్లాలో ఎవరూ అనలేరు. ఆయనకో పద్ధతి ఉంది. కాంక్రీటు పోత మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా తన చెక్క కిందే నిలబడతాడు. "నేను నిలబడలేని చెక్క కింద ఇంకొకణ్ణి ఎట్లా నిలబెడతాను?" అంటాడు. ఆ మాట చెప్పుకుని జనం మురిసిపోతారు. నాకు మాత్రం ఆయన కింద ఉన్నంతసేపూ గుండెల మీద కుంపటి పెట్టుకున్నట్టే ఉండేది.

ఆ రోజు తెల్లవారుతూండగా నేను గేటు దగ్గర పంపు లారీ కాళ్ళ కింద దిమ్మెలు సరిగ్గా పెట్టారో లేదో చూస్తున్నాను. లోపల్నుంచి "బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అని వినిపించింది. పరుగెత్తాను. దూడ కొత్త చెక్క కింద, సరిగ్గా నడిమధ్య, నెత్తుటి మడుగులో పడి ఉంది. కసాయి కత్తి తుడుచుకుంటున్నాడు.

హాజీ హిందావీ ఎదురొచ్చాడు. "కోపం తెచ్చుకోకు తల్లీ. మా అమ్మ ఒప్పుకోలేదు. నెత్తురు కప్పు కింద పడకపోతే కప్పు నిలవదంది. ముసలిప్రాణం, ఏం చెప్పను?"

"మీ అమ్మగారు ఇంజనీరా హాజీ?"

"అమ్మను మించిన ఇంజనీరు ఎవరమ్మా!"

అందరూ నవ్వారు. అచ్చులు వేసే ఉత్సాహంలో ఉన్నారు, ఎర్రటి అరచేతులు పైకెత్తి ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. "సరే, అయిందేదో అయింది" అన్నాను. "ఇక్కడ చుక్క నీళ్ళు కూడా పోయకండి. రంపపుపొట్టు చల్లి పారలతో ఎత్తిపోయండి. వింటున్నారా?" విన్నామన్నారు. కాంక్రీటు లారీలు వచ్చేశాయని గేటు దగ్గర్నుంచి కేకేస్తే నేను అటు వెళ్ళాను.

వాళ్ళు విన్నారు, కాని ఆ నెత్తురు మీద నడిచిన కాళ్ళతో నమాజుకు ఎలా నిలబడతాం అని ఎవడో అన్నాడట. నేను అటు వెళ్ళగానే గొట్టం తెచ్చి నేలంతా శుభ్రంగా కడిగారు. కడిగిన నీళ్ళు ఎటూ పోలేదు, పూడ్చిన మట్టిలోకే ఇంకాయి. పైన పొట్టు చల్లేశారు. చెడ్డ బుద్ధితో చేసిన పని కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్రాణాలు కాపాడమని కోసిన దూడ అది.

పోత మొదలైంది. ప్రహరీ పక్కన పొయ్యిల మీద పెద్ద గిన్నెలెక్కాయి. బయూమీ బాబాయి పోత ఎక్కడుంటే వంట అక్కడ ఆయన భార్య గమాలాత్ పిన్నిదే. మాంసం ఉడికిన పులుసులో రొట్టె నానేసి, మీద అన్నం పరిచి ఆమె చేసే ఫత్తా కోసమే సగంమంది కూలీలు ఆ ముఠాలో చేరతారు.

"రావే వద్దులమ్మా, నా పొయ్యికి కూడా ఏమన్నా వద్దంటావా?" అంది నన్ను చూడగానే.

"ఉప్పు ఎక్కువ వద్దు పిన్నీ. బాబాయికి బీపీ."

"ఆ మాట ఆయనకే చెప్పు. నేను చెబితే తింటానని ఒట్టేస్తాడు." గరిటె గిన్నె అంచుకు కొట్టి నవ్వింది. "ఈ ఒట్లతోనే చచ్చాను. తమ్ముడితో గోడ దగ్గర గొడవొస్తే 'ఆ ఇంటి గడప తొక్కితే నా పెళ్ళాం నాకు తలాక్' అన్నాడు. నెల తిరక్కుండా తొక్కాడు. ఆ తర్వాత కాఫీ కొట్లో బంతాట మీద పందెం, మళ్ళీ తలాక్ ఒట్టు, మళ్ళీ ఓడిపోయాడు. రెండుసార్లూ షేక్ గారు 'కోపంలో అన్నావులే, పదిమంది బీదవాళ్ళకు అన్నం పెట్టు' అన్నారు. వండింది ఎవరనుకున్నావ్? నా తలాక్‌కి నేనే వండి వడ్డించాను."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పిన్ని నవ్వుతూనే పొయ్యిలోకి కట్టె తోసింది.

సగం స్లాబు పడేసరికి నేను ఒకసారి కిందికి వెళ్ళాను. పైన కాంక్రీటు ధారగా పడుతోంది, వైబ్రేటర్ మోతకు చెక్కంతా అదురుతోంది. బాబాయి, ఆయన వడ్రంగులు ఊతల మధ్య తిరుగుతూ పైకి చూస్తున్నారు. అందరి కళ్ళూ పైనే. నడిమధ్యకు వెళ్ళేసరికి నా బూటు మడమ దిగబడింది.

కాలితో పొట్టు పక్కకు తోశాను. కింద ఎర్రటి బురద. పక్కనున్న ఊత కింద పలక ఒక వైపుకు ఒరిగింది. ఊత కదలకుండా అడుగున బిగించిన చెక్క చీల చేత్తో కదిపితే కదిలింది. తర్వాతి ఊత చూశాను, దానిదీ అంతే.

బాబాయి దగ్గరకెళ్ళి చెవిలో చెప్పాను. "బాబాయ్, నేల నానిపోయింది. మనుషుల్ని బయటికి తీయి. నేను పంపు ఆపిస్తాను."

ఆయన వంగి చూశాడు. చెప్పాల్సిన పనిలేదు, ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా అన్నాడు, "చీలలు బిగిస్తే ఆగుతుంది అమ్మాయ్. ఇప్పుడు ఆపితే స్లాబు మధ్యలో అతుకు పడుద్ది. పనికిరాదు."

"మీద బరువుండగా కింద మనిషి ఉండకూడదు. నీకు తెలీదా?"

"నా చెక్క సంగతి నాకు తెలుసులే."

ఇంక వాదించలేదు. బయటికొచ్చి పంపు మీది ఎర్ర బొత్తాం గుద్దాను. మోత ఆగిపోయింది. పైనున్నవాళ్ళను దిగమని, కింద ఉన్నవాళ్ళను బయటికి రమ్మని గొంతు చించుకుని అరిచాను. మా కంపెనీ మేనేజరు ఆ రోజు కైరోలో ఉన్నాడు, అడ్డుపడేవాడు లేడు, హాజీ తప్ప.

హాజీ ఊగిపోతూ వచ్చాడు. "ఏంటమ్మా ఇది? లారీల్లో కాంక్రీటు గడ్డకట్టిపోదా? పొద్దున్న దూడ దగ్గర మా అమ్మనన్నా ఊరుకున్నాను..."

"దూడ నెత్తురు కడిగిన నీళ్ళే హాజీ! లోపల నేల బురదైంది. కప్పు కూలుద్ది."

ఆయన నన్ను వదిలేసి లోపలివైపు తిరిగాడు. ఊతల మధ్య నిలబడ్డ బాబాయి కనిపించాడు. "ఏం మేస్త్రీ? నీ చెక్క ఒక ఆడదాని కేకకే కూలిపోతుందంటే ఇన్నాళ్ళూ నువ్వు కట్టింది చెక్కా, అట్టపెట్టెలా?"

పైనుంచి దిగినవాళ్ళు, వంట దగ్గరివాళ్ళు, లారీ డ్రైవర్లు అందరూ విన్నారు. ఆ మాట నా మీద పడ్డా బాగుండేది. బాబాయి సుత్తి ఎత్తి ఊతకు ఒక దెబ్బ వేశాడు.

"అందరూ వినండి! ఈ పోత అయ్యేదాకా నేను ఈ చెక్క కింద నుంచి బయట అడుగు పెడితే నా పెళ్ళాం నాకు తలాక్! మూడో తలాక్!"

ఒక ముసలి వడ్రంగి "అస్తగ్‌ఫిరుల్లా" అని దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటూ గొణిగాడు. అప్పుడు బాబాయే తన మనుషుల్ని చూసి చెయ్యి ఊపాడు. "మీరు పొండిరా. ఒట్టు నాది, మీది కాదు. పొండి!" వాళ్ళు ఒక్కొక్కరే తలలు వంచుకుని బయటికొచ్చారు. ఆయన ఒక్కడే మిగిలాడు.

సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఒక చీల బిగిస్తాడు, ఇంకో ఊత దగ్గరికి పోతాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య చెక్క కిర్రుమంటోంది. నేను సెంట్రింగు అంచు దగ్గర బయటే నిలబడి బతిమాలాను. "బాబాయ్, పోత ఆపేశాం కదా. ఒట్టు తీరిపోయింది. రా!"

"ఆగింది. అవలేదు. దేవుడి దగ్గర లాయరు మాటలు మాట్లాడమంటావా?"

హాజీకి అప్పటికి విషయం తలకెక్కింది. "మేస్త్రీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. నా మాట వెనక్కి తీసుకున్నాను. బయటికి రావయ్యా!"

"నీ మాట నువ్వు తీసుకున్నావు హాజీ. నా మాట ఎవరు తీసుకుంటారు?" సుత్తి ఆగింది. ఆయన గొంతు మారింది. "షేక్ గారు ఏమన్నా నా లెక్కలో రెండు అయిపోయాయి. ఇది మూడోది. బయటికొస్తే గమాలాత్ నాకు పరాయి ఆడది. ఇక్కడే పోతే కనీసం నా భార్యగా ఏడుస్తుంది."

లోపలికెళ్ళి లాక్కొద్దామని ఇద్దరు వడ్రంగులు కదిలారు. పట్టుకుని ఆపాను. పెనుగులాటలో ఒక్క ఊతకు భుజం తగిలినా ముగ్గురూ పోతారు. నా జీవితంలో అంత కష్టమైన వద్దు ఇంకొకటి అనలేదు. ఆయన్ని చావనిచ్చే ఆడదాన్ని చూసినట్టు చూశారు నన్ను.

ఇంతలో జనం పక్కకు జరిగారు. గమాలాత్ పిన్ని వస్తోంది. ఎవరో చెప్పినట్టున్నారు. పరుగెత్తడం లేదు, ఏడవడం లేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అంచు దగ్గర ఆగింది. ఇంకో అడుగు వేయకుండా నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అబూ ఇమాద్" అని పిలిచింది. పెద్దకొడుకు పేరుతోనే ఎప్పుడూ పిలుస్తుంది.

"నువ్వెందుకొచ్చావు? పో ఇక్కణ్ణించి."

"ఒట్టేశావంట కదా."

ఆయన పక్క ఊత చీల మీద ఇంకో దెబ్బ వేశాడు.

"నీ భార్యగా ఏడవడానికి నన్ను ఉంచుకుంటావా? నేను ఏడవను. విధవనై ఏడ్చేకన్నా విడిచిపెట్టిన ఆడదాన్నై కూర్చుంటాను. రా బయటికి."

"గమాలాత్, నేను బయటికొస్తే..."

"తెలుసు. వస్తే ఏమవుద్దో నాకు తెలుసు. నువ్వు వదిలేదాకా ఎందుకు, నేనే వదిలేస్తున్నాను. ఇదిగో ఇంతమంది సాక్షి. నేను నీకేమీ కాను, నువ్వు నాకేమీ కావు. ఇంక దేనికోసం నిలబడ్డావు అక్కడ?"

ఆడది అలా అంటే చెల్లదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరెత్తలేదు. లోపల సుత్తి నేల మీద పడింది. బురదలో పడింది కాబట్టి చప్పుడు కూడా పెద్దగా రాలేదు. బయూమీ బాబాయి చేతులు రెండూ కిందికి వేలాడేసి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. చెక్క అంచు దాటగానే చొక్కా పట్టుకుని నేనూ హాజీ ఆయన్ని ప్రహరీ దాకా ఈడ్చుకెళ్ళాం. అందర్నీ వెనక్కి తోశాను.

ఏమీ జరగలేదు. కప్పు అలాగే ఉంది. పైనుంచి సిమెంటు పాలు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. జనం కప్పు వంకా నా వంకా చూశారు. హాజీ ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఆ నిమిషంలో కప్పు నిలబడాలని కోరుకోవాలో కూలాలని కోరుకోవాలో నాకే తెలియలేదు.

ఒక ఊత పటుక్కున విరిగింది. దాని పక్కది నిలువునా నేలలోకి దిగిపోయింది. నడిమధ్య భాగం మొత్తం, తడి కాంక్రీటు, చువ్వలు, చెక్క, ఒకేసారి కిందికొచ్చాయి. దుమ్ములో కాసేపు ఎవరికి ఎవరూ కనపడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే బాబాయి నిలబడిన చోట నా ఎత్తున కాంక్రీటు గుట్ట ఉంది.

ఆ తర్వాత గోల మొదలైంది. ఏడ్చేవాళ్ళు, నేల మీద నుదురు ఆనించేవాళ్ళు, బాబాయిని తడిమి చూసేవాళ్ళు. హాజీ ఆయన భుజం మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాబాయి కూడా ఏడుస్తూనే, మధ్యమధ్యలో నవ్వుతూ, జనాన్ని తోసుకుని గమాలాత్ పిన్ని దగ్గరికి వెళ్ళాడు.

"బతికించావే! పద, షేక్ గారి దగ్గరికి పోదాం. కోపంలో అన్నదే కదా, ఆయనకు తెలీదా? ఈసారి పదిమందికి కాదు, వందమందికి అన్నం పెడతాను."

పిన్ని నల్ల ఓణీ మొహం మీదికి లాక్కుని, కళ్ళు మాత్రం కనిపించేలా అంచు పళ్ళ మధ్య పట్టుకుంది. పరాయి మగవాడు ఎదురైతే మా ఆడవాళ్ళు చేసేది అదే. ఒక అడుగు వెనక్కి వేసింది.

"అక్కడే ఆగండి మేస్త్రీ గారూ."

ఆమె ఆయన్ని మీరు అనగా నేనెప్పుడూ వినలేదు. బాబాయి చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"షేక్ గారు సరేనంటారు. మంచివారు, రెండుసార్లూ సరేనన్నారు. నన్నే ఎవరూ అడగలేదు. గోడ మీద పంతమొస్తే నన్ను ఒడ్డారు. బంతాట మీద పంతమొస్తే నన్ను ఒడ్డారు. ఇవాళ చెక్క మీద పంతమొస్తే మళ్ళీ నన్నే ఒడ్డారు. పందెం కాయడానికి మీ దగ్గర ఇంకేమీ లేదా? ఒక సైకిలన్నా, ఒక మేకన్నా లేదా?"

"గమాలాత్..."

"ఇవాళ్టి మాట మీది కాదు, నాది. నేనన్నాను. నేను వెనక్కి తీసుకోను."

"అయితే నేను అక్కడే చచ్చిపోయుంటే బాగుండేదా?"

"లేదు. మీరు బతకాలనే కదా వదిలేసింది."

బాబాయి అక్కడే నేల మీద కూలబడ్డాడు. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా అందరి ముందూ ఏడ్చాను. మనుషులు బతికినందుకు ఏడ్చానో, ఆ మాటకు ఏడ్చానో చెప్పలేను. పిన్ని వంట దగ్గరికి వెళ్ళింది. గిన్నెల మీద పడ్డ దుమ్ము మూతల మీదే ఆగిందో లేదో చూసి, "చల్లారకముందే అందరికీ పెట్టండి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అని ఆడవాళ్ళకు చెప్పింది. తన చెప్పులు వెతుక్కుని వేసుకుంది. వాళ్ళ అన్న ఊరికి పోయే వ్యాను కోసం రోడ్డు వైపు నడిచింది. గేటు దగ్గర నా పక్కన ఆగింది.

"అమ్మాయ్, ఆయన మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, చూశావా? ఇవాళ బండి నడపనీయకు."

"నువ్వు చెప్పు పిన్నీ. నీ మాటైతే వింటాడు."

"ఇంక నేను చెప్పకూడదు. నువ్వు చెప్పు" అని వెళ్ళిపోయింది.

నేను వెనక్కి వచ్చి బాబాయి పక్కన నేల మీద కూర్చున్నాను. బండి తాళం ఇమ్మన్నాను. ఆయన జేబులోంచి తీశాడు కాని పిడికిలి విప్పలేకపోయాడు. ఒక్కొక్క వేలూ నేనే విప్పి తీసుకున్నాను.